మచ్చు మాత్రలు

జగదాంబకి ఒంట్లో ఆవిర్లు మొదలై ఏడాది దాటింది. వాటికి వేళాపాళా ఉండేది కాదు. పోపు వేస్తుంటే వచ్చేవి. పోనీ అది పొయ్యి సెగ అనుకుందామంటే, మార్గశిర మాసంలో తెల్లవారుజామున తలస్నానం చేసి తులసి దగ్గర దీపం పెడుతుంటే కూడా వచ్చేవి. గుండెల దగ్గర చిన్నగా మొదలై, మెడ దాకా పాకి, ఒక్క క్షణం ఆగి, అక్కణ్ణించి ఒక్క ఊపున మాడు దాకా ఎక్కిపోయేవి. మొహం ఎర్రగా కందిపోయేది. జాకెట్టు వీపుకి అతుక్కుపోయేది. అప్పుడావిడ చేతిలో ఏ పనుంటే అది వదిలేసి, వంటింటి మూల ఉన్న ఇత్తడి గంగాళానికి చెంప ఆనించి నిలబడేది. కుడి చెంప చల్లబడ్డాక ఎడమ చెంప.

భర్త జోగేశ్వరరావుది పెనుగొండ బజారులో పెద్ద కిరాణా కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు, మధ్య ఒక తలుపు. ఓ రోజు మంచినీళ్ళ కోసం లోపలికొచ్చినాయన గంగాళాన్ని కావలించుకున్న భార్యని చూసి ఆగిపోయాడు.

"ఏంటే అది?"

"ఒళ్ళంతా వేడండి."

"పైత్యం" అని తేల్చేశాడాయన.

ఆ నెల కొట్లో ధనియాలు పురుగు పట్టేలా ఉన్నాయి. అంచేత ధనియాల కషాయం తాగమన్నాడు. మరుసటి నెల మెంతులు మిగిలిపోయాయి. వేడికి మెంతుల్ని మించింది లేదన్నాడు. ఆ పై నెల సబ్జా గింజలు. ఆవిడ జబ్బు ఏమిటన్నది, కొట్లో ఆ నెల ఏది అమ్ముడుపోలేదన్న దాన్నిబట్టి మారుతూ వచ్చింది.

నిజానికి అది జబ్బు కాదని జగదాంబకి తెలుసు. నలభై తొమ్మిదేళ్ళు వచ్చాయి. నెలకి మూడు రోజులు పెరటి గదిలో చాప వేసుకుని దూరంగా కూర్చునే ఆవిడకి ఇప్పుడు ఆ అవసరం లేకుండా పోయింది. ముట్లుడిగాయి, అంతే. కానీ ఆ మాట ఆ ఇంట్లో మగవాళ్ళ ముందు ఎవరూ పలికేవారు కాదు. ముప్ఫై రెండేళ్ళ కాపరంలో ఆవిడ దూరంగా ఉన్న రోజుల్లో జోగేశ్వరరావు ఏమీ జరగనట్టే గోడకేసి చూస్తూ భోంచేసి లేచిపోయేవాడు. ఏడాది పైగా ఆవిడ దూరంగా కూర్చోవడం మానేసిందన్న సంగతి ఆయన గమనించాడో లేదో కూడా తెలియదు. బస్తాలో గుప్పెడు కందిపప్పు తగ్గితే మాత్రం చెయ్యి వేసి చెప్పేసేవాడు.

పాలు పోసే పెద్దింట్లమ్మకి ఇలాంటి మొహమాటాలేవీ లేవు.

"నాకూ ఇలాగే వచ్చేయమ్మగారూ. నేనైతే గేదెల్తో పాటు కాలవలోకి దిగిపోయి పీకల్దాకా కూచునేదాన్ని. అవో పక్క, నేనో పక్క. మీరూ రండి, నేను తోడొస్తాను."

"చాల్లే, ఊరుకో" అంది జగదాంబ. కానీ ఆ రోజు రెండు మూడు సార్లు కాలవ గురించి ఆలోచించింది.

ఇది దివిసీమ ఉప్పెన వచ్చిన మరుసటి ఏడు మాట. జగదాంబకి ఒక్కతే కూతురు, అమ్మణ్ణి. అంతకు ముందు ఏడే పెళ్ళయింది. అల్లుడు గోపాలకృష్ణమూర్తిది రాజమండ్రిలో ఏదో మందుల కంపెనీలో ఉద్యోగం. తోలుసంచీ పుచ్చుకుని ఊరూరా తిరిగి, డాక్టర్లకి తమ మందుల గురించి చెప్పి రావడం ఆయన పని. దసరాకి పుట్టింటికి వచ్చినప్పుడు తల్లి గంగాళం దగ్గర నిలబడటం చూసి అమ్మణ్ణి గుచ్చి గుచ్చి అడిగింది. జగదాంబ చెప్పింది. పది రోజులకి కార్డు వచ్చింది.

ఉత్తరాలన్నీ ముందు కొట్టుకే వచ్చేవి. జోగేశ్వరరావు కార్డు పట్టుకుని లోపలికొచ్చి పైకి చదివాడు. "నువ్వు చెప్పిన సంగతి ఆయనతో చెప్పానమ్మా. దానికి వాళ్ళ కంపెనీలోనే ఉన్నాయట. గురువారం నరసాపురం వెళ్తూ మన ఊళ్ళో దిగి నీకు తెచ్చిస్తారు." చదవడం అయ్యాక కళ్ళజోడు మీంచి చూశాడు. "ఏం సంగతే?"

"ఆడవాళ్ళ సంగతి లెండి. చెప్తాను, కూర్చోండి."

ఆడవాళ్ళ సంగతి అన్న మాట చెవిన పడగానే జోగేశ్వరరావు కార్డు ఆవిడ చేతిలో పెట్టి, కొట్లో తరాజు మీద నిప్పు పడిందని ఎవరో చెప్పినట్టు వెళ్ళిపోయాడు.

జగదాంబ ఆ కార్డు మళ్ళీ మళ్ళీ చదువుకుంది. 'నీకు తెచ్చిస్తారు' అన్న చోట ఆగేది. ఆ ఇంట్లో ఆవిడ ఒంటి మీదకీ నోట్లోకీ వచ్చినవన్నీ కొట్లో మిగిలినవే. ఒకళ్ళు పని గట్టుకుని, ఆవిడ కోసమని, ఆవిడ బాధ తెలిసి ఒక వస్తువు తేవడం ఇదే మొదలు. ఇక గురువారం కోసం చూడటం మొదలుపెట్టింది.

అయితే ఒక చిక్కుంది. వాళ్ళలో అత్తగారు అల్లుడి ఎదుటికి రాదు. పెళ్ళయి ఏడాదయినా జగదాంబ అల్లుడి మొహం పూర్తిగా చూడలేదు. తలుపు రెక్క సందులోంచి సగం మొహం కనిపించేది, కుడివైపు సగం. ఎడమవైపు ఎలా ఉంటుందో పెళ్ళి ఫోటోలో చూసుకుంది. ఏదైనా చెప్పాలంటే అమ్మణ్ణికి చెప్పేది. అమ్మణ్ణి లేకపోతే గోడకి చెప్పేది.

గురువారం పొద్దున్న తొమ్మిదింటి బస్సుకి గోపాలకృష్ణమూర్తి ఒక్కడే దిగాడు. జోగేశ్వరరావు హాల్లో కుర్చీ వేసి కూర్చోపెట్టాడు. లోపల్నించి అట్లు వచ్చాయి. తలుపు వెనక జగదాంబ ఊపిరి బిగబట్టి నిలబడింది.

మూర్తి సంచీ తెరిచి తెల్లటి రేకు డబ్బా ఒకటి బల్ల మీద పెట్టాడు. అమ్మణ్ణి చెప్పేది, పేరు మోసిన లేడీ డాక్టర్ల ముందు ఈయన ఏ మందు గురించైనా ఇంగ్లీషులో గడగడా చెప్పుకుపోతాడని. ఆ మాటలన్నీ ఇంగ్లీషువే కావడంతో వచ్చింది తంటా. తెలుగులో ఆ సంగతికి ఆయనకి తెలిసిన మాట వాళ్ళ నాయనమ్మ పెరట్లో అనగా విన్నది ఒక్కటే. దాన్ని మామగారి మొహం మీద అనేంత ధైర్యం కంపెనీ వాళ్ళు నేర్పలేదు.

"ఇదండి… మావయ్యగారూ…"

"ఏంటండి బాబూ ఇది?"

"శాంపిలండి. మా కంపెనీలో కొత్తగా వచ్చిందండి."

"దేనికంటారు?"

"బలానికండి. క్యాల్షియం, విటమిన్లు, అన్నీ ఉంటాయండి. ఎముకలకి మంచిదండి. నీరసానికీ… చిరాక్కీ…"

"ఎవరు వాడాలి?"

మూర్తి అట్టు ముక్కని పచ్చడిలో మూడుసార్లు ముంచాడు. "నలభై అయిదు దాటినవాళ్ళకండి. ఆ వయసులో… కొన్ని… మార్పులొస్తాయి కదండి."

"ఎందుకు రావు! నాకు మోకాళ్ళు పట్టేస్తున్నాయి."

"మీకంటే… అంటే… ఇంట్లో పెద్దవాళ్ళకి…"

"ఇంట్లో పెద్దవాణ్ణి నేనే కదండీ!"

తలుపు వెనక జగదాంబ గోడకేసి తిరిగి, "ఆ డబ్బా లోపలికి పంపించమను" అంది.

గోడ ఏమీ అనలేదు. జోగేశ్వరరావే అన్నాడు. "ఉండవే. శాంపిలంటే మచ్చు. మచ్చు చూడకుండా సరుకు లోపలికెలా వస్తుంది?"

మూర్తి నోరు తెరిచాడు. అంతలో నరసాపురం బస్సు హారన్ వినిపించింది. ఆయన ఎంత ఆనందంగా లేచాడంటే చెయ్యి కడుక్కోవడం కూడా సగంలో మానేశాడు. "రెండు వారాల్లో మళ్ళీ ఇటే వస్తానండి, అప్పుడు చెప్పండి ఎలా ఉందో" అని తలుపు సందుకేసి ఓ చూపు చూసి వెళ్ళిపోయాడు.

జోగేశ్వరరావుకి విషయం స్పష్టంగా అర్థమైపోయింది. అల్లుడు సొంత వ్యాపారం పెట్టే ఆలోచనలో ఉన్నాడు. కొత్త అల్లుడు, నోరు తెరిచి అడగలేడు. అందుకే మచ్చు చూపించి నీళ్ళు నమిలాడు. రెండు వారాల్లో వస్తానన్నాడంటే మాట కోసం వస్తాడన్నమాట.

పెనుగొండ బజారులో మచ్చు చూడటమంటే ఆషామాషీ కాదు. బస్తాలోకి ఇనప గొట్టం గుచ్చి గుప్పెడు గింజలు తీశాక వాటిని కనీసం ముగ్గురు చూడాలి. ఒకడి నాలుక ఒప్పుకుంటే సరిపోదు. జోగేశ్వరరావు కొట్లోకి ఏ సరుకు రావాలన్నా సాయంత్రం అరుగు మీద ఆయనా, బెల్లం వ్యాపారి మల్లేశ్వరరావూ, నూనెల వెంకటరత్నమూ కూర్చునేవారు. బెల్లమైతే గోటితో గీరి, బియ్యమైతే పంటి కింద కొరికి, నూనె అయితే అరచేతిలో రుద్ది వాసన చూసి, అప్పుడు మాట చెప్పేవారు.

ఆ సాయంత్రం కొట్టు తలుపు వెనక నిలబడి జగదాంబ అంతా విన్నది.

వెంకటరత్నం అడకత్తెరతో ఒక మాత్రని రెండుగా కత్తిరించాడు. "పైన రోజా రంగు పూత. లోపల తెలుపు. కల్తీ కనపట్టం లేదు."

మల్లేశ్వరరావు ఒక ముక్క నాలుక మీద పెట్టుకున్నాడు. "ముందు తీపి. వెనకాల మేకు నాకినట్టుంది."

"మేకంటే ఇనుము. ఇనుమంటే బలమే కదా" అన్నాడు జోగేశ్వరరావు.

"అది ఒక్కరోజులో చెప్పే సరుకు కాదు బావా" అన్నాడు మల్లేశ్వరరావు. "వంట్లోకి దిగాలి. రేపట్నించి తలా ఒకటీ వేసుకుందాం. రెండు వారాలు చూసి చెబుదాం."

అలా జగదాంబ మాత్రలు గల్లాపెట్టెలోకి వెళ్ళాయి. డబ్బా మీద నూరు అని అంకె వేసి ఉంది. అందులో ఒకటి అప్పుడే అడకత్తెర పాలయింది.

మర్నాడు భోజనం వడ్డిస్తూ ఆవిడ మొదలుపెట్టింది. "ఏవండీ, ఆ మాత్రలు మీవి కావండి. అవి ఆడవాళ్ళకి…"

"పెరుగు తోడుకోలేదా ఇవాళ?"

"తోడుకుంది. అవి ఆడవాళ్ళకి ఒక వయసొచ్చాక…"

"కొట్లో ఎవరో వచ్చినట్టున్నారు" అని జోగేశ్వరరావు పెరుగన్నం వదిలేసి లేచిపోయాడు. ఆడవాళ్ళ అన్న మాట తర్వాత ఏమొస్తుందో ఆయన ముప్ఫై రెండేళ్ళుగా ఎప్పుడూ వినలేదు. ఇప్పుడు విని అలవాటు చెడగొట్టుకోదల్చుకోలేదు.

అమ్మణ్ణికి ఉత్తరం రాద్దామంటే, దాన్ని పోస్టు డబ్బాలో వేసేది కొట్లో గుమాస్తా. చదవకుండా వెయ్యడు.

వారం తిరిగేసరికి అరుగు మీద కొత్త కళ వచ్చింది. పై వరస బెల్లం దిమ్మ అందుకోవడానికి మనిషిని పిలిచే మల్లేశ్వరరావు తనే చెయ్యి చాచి దించాడట. బజార్లో ముగ్గురికి పిలిచి చూపించాడట కూడాను.

"భుజం సంగతి సరే" అన్నాడు వెంకటరత్నం, "నాకు అసలు చిరాకే పోయింది బావా. నిన్న మా ఆవిడ అరగంటసేపు తిట్టింది. చిరునవ్వుతో విన్నాను."

"తిట్టి ఊరుకుందా?"

"నవ్వుతున్నానని ఇంకో అరగంట తిట్టింది. అదీ విన్నాను."

జోగేశ్వరరావు నిచ్చెన ఎక్కి అటక మీంచి ఎవరికీ అక్కర్లేని పాత తట్ట ఒకటి దించాడు. మర్నాడు మళ్ళీ ఎక్కి దాన్ని అక్కడే పెట్టాడు. "మోకాళ్ళు మోకాళ్ళలా లేవే, బందులకి నూనె వేసినట్టున్నాయి" అన్నాడు భార్యతో. ఆవిడ గంగాళం దగ్గర ఎడమ చెంప ఆనించి ఉంది.

ఇంత పని చేస్తున్న సరుకు పొద్దున్నొకటీ సాయంత్రమొకటీ వేసుకుంటే ఎలా ఉంటుందో చూడాలని ముగ్గురూ తీర్మానించారు. రెండో వారం నుంచి రోజుకి ఆరు తరగడం మొదలయ్యాయి. జగదాంబ మొదటి రోజే వంటింట్లో చింతగింజలు నూరు పేర్చుకుని, రోజూ వాళ్ళు మింగినన్ని తీసేస్తూ వచ్చింది. కుప్ప చూస్తుంటే ప్రాణం ఉసూరుమనేది.

మంగళవారం మధ్యాహ్నం ఆవిడ దొంగతనానికి సిద్ధమైంది. గల్లాపెట్టె తాళంచెవి జోగేశ్వరరావు మొలతాడుకి ఉంటుంది. భోజనం చేసి ఆయన పడక్కుర్చీలో వెనక్కి వాలి గుర్రు పెడుతున్నాడు. జగదాంబ మునివేళ్ళ మీద వెళ్ళి, వంగి, పంచె మడత మెల్లిగా తప్పించి, ముడి మీద వేలు వేసింది. ఇంకొక్క మెలిక విప్పితే తాళంచెవి చేతిలో ఉంటుంది. సరిగ్గా అప్పుడు గుండెల దగ్గర చిన్నగా మొదలైంది. మెడ దాకా వచ్చింది. ఆగింది. ఆవిడ కదల్లేదు, ముడి వదల్లేదు. మాడు దాకా ఎక్కింది. ముక్కు చివర్నించి, గడ్డం మీంచి చెమట టపటపా జోగేశ్వరరావు పొట్ట మీద పడింది.

ఆయన ఉలిక్కిపడి లేచాడు. "వానొస్తోందా? అరుగు మీద మిరపకాయలున్నాయి!" అని కేకేస్తూ బయటికి పరుగెత్తాడు. బయట ఎండ ఫెళ్ళున కాస్తోంది. ఆయన ఆకాశంకేసీ, తన పొట్టకేసీ మార్చి మార్చి చూసుకోవడం కిటికీలోంచి జగదాంబ చూసింది.

"నన్ను చెప్పమంటారా అయ్యగారికి?" అంది ఆ సాయంత్రం పెద్దింట్లమ్మ. "బజారు మధ్యన నించుని చెప్తాను. నాకేం సిగ్గా, ఎగ్గా?"

"వద్దే తల్లీ. నీకు దణ్ణం పెడతాను."

"మరైతే మీరే చెప్పండి. ఇద్దర్లో ఎవరో ఒకరు చెప్పకపోతే అవేం నడిచొచ్చి మీ నోట్లో పడతాయా?"

బుధవారం రాత్రి భోజనాల దగ్గర జోగేశ్వరరావు ఆఖరి దెబ్బ వేశాడు. "రేపు అల్లుడుగారొస్తున్నారు. మేం మాట చెప్పేస్తాం. మిగిలిన మాత్రలు మూడు పొట్లాలు కట్టి భీమవరం, తణుకు, నరసాపురం వర్తకులకి మచ్చు పంపిస్తాం. వాళ్ళూ ఒప్పుకుంటే జిల్లా మొత్తం మనదే."

గురువారం మధ్యాహ్నానికి చింతగింజలు ముప్ఫై తొమ్మిది మిగిలాయి.

మూడింటికి మూర్తి వచ్చాడు. హాల్లో అప్పటికే ముగ్గురు పెద్దలూ ఉతికిన పంచెలు కట్టుకుని కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. చేగోడీలు, కాఫీలు వచ్చాయి. జగదాంబ తలుపు వెనక తన చోట్లో నిలబడింది.

"మీ సరుకు బంగారం అల్లుడుగారూ" అన్నాడు మల్లేశ్వరరావు. చొక్కా చెయ్యి పైకి మడిచి, భుజం చుట్టూ చెయ్యి గిరగిరా తిప్పి చూపించాడు. "చూశారా? రెండు వారాల కిందట ఇది ఇక్కడ ఆగిపోయేది."

మూర్తికి అర్థం కాలేదు. "మీరు… దేనివల్లండి?"

"మీ మాత్రల వల్లే!"

"మీరు వేసుకున్నారా అండీ?"

"ముగ్గురం వేసుకున్నాం. రోజుకి రెండు" అన్నాడు జోగేశ్వరరావు గర్వంగా. "ఊరికే మాట చెబుతామా?"

మూర్తి చేతిలో చేగోడీ జారి పళ్ళెంలో పడింది. అక్కణ్ణించి దొర్లుకుంటూ బల్ల కిందకి పోయింది.

"మాకు నచ్చింది" అన్నాడు వెంకటరత్నం. "ఇంక బోర్డు రాయించేయడమే. పెద్దక్షరాలతో, 'నలభై అయిదు దాటిన మగవారి బలానికి' అని."

"మగ…" అని ఆగిపోయాడు మూర్తి. "లేబుల్ మీద… అలా కాదండి…"

"లేబుల్ ఇంగ్లీషులో ఉందండి. తెలుగులో మేం రాయిస్తాం, మీకెందుకు?"

మూర్తి మామగారికేసి చూశాడు, పైకప్పుకేసి చూశాడు, చివరికి తలుపు సందుకేసి చూశాడు. సందులోంచి ఆయన కుడి కన్ను జగదాంబ కంటికి ఎదురుపడింది. ఆ కన్ను ఆవిణ్ణి బతిమాలుతోంది.

జోగేశ్వరరావు డబ్బా మూత తీసి, పాత పేపరు పరిచి, మాత్రలన్నీ గలగలా దాని మీద పోశాడు. అలవాటైన చెయ్యి. పదమూడు లెక్కపెట్టి, కాగితంలో చుట్టి, పురికొస చుట్టి పుటుక్కున తెంపాడు. "ఇది భీమవరం."

తలుపు వెనక జగదాంబకి గుండెల దగ్గర చిన్నగా మొదలైంది.

రెండో పొట్లానికి కాగితం చించాడు. "ఇది తణుకు."

మెడ దాకా వచ్చింది. ఆగింది. ఆవిడ గంగాళంకేసి ఒకసారి చూసింది. మాడు దాకా ఎక్కింది. జగదాంబ తలుపు రెక్క పూర్తిగా తెరిచి, కొంగు భుజాల చుట్టూ కప్పుకుని హాలు మధ్యలోకి వచ్చి నిలబడింది.

మూర్తి గభాల్న లేచాడు. అత్తగారు ఎదుటికొస్తే అల్లుడేం చెయ్యాలో ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. కుర్చీ వెనక్కి వెళ్ళాడు. అది సరిపోదనిపించి, ఆవిడ ఖాళీ చేసిన తలుపు వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు.

జగదాంబ మొహం ఎర్రగా వెలిగిపోతోంది. కణతల మీంచి చెమట కారుతోంది. తుడుచుకోలేదు. మల్లేశ్వరరావుకేసి తిరిగింది.

"అన్నయ్యగారూ, మీకు ముట్లుడిగి ఎన్నాళ్ళయిందండీ?"

వెంకటరత్నం గొంతులో కాఫీ అడ్డం పడింది. ఆయన దగ్గుతుంటే ఎవరూ వీపు మీద తట్టలేదు.

"నాకు పధ్నాలుగు నెలలయింది" అంది జగదాంబ. "అలా ఆగిపోయిన ఆడవాళ్ళ కోసం చేసిన మాత్రలివి. అల్లుడుగారు నాకని తెచ్చారు. మీ భుజాలూ మోకాళ్ళూ బాగుపడితే సంతోషం. నావి నాకిచ్చెయ్యండి."

మల్లేశ్వరరావు పైకి మడిచిన చొక్కా చెయ్యి నెమ్మదిగా కిందకి దించుకుని, బొత్తాం పెట్టుకున్నాడు. తర్వాత తలుపుకేసి వంగి, వినీ వినపడనట్టు అడిగాడు.

"బాబూ… మాకేమైనా అవుతుందంటారా?"

"ఏం కాదండి" అంది తలుపు వెనక గొంతు. "అందులో ఉన్నవి క్యాల్షియం, విటమిన్లు, కాస్త ఐరనండి. అంతే."

"మీసం…?"

"మీసం ఉంటుందండి."

"గొంతు గానీ మారుతుందా?"

"మారదండి."

వెంకటరత్నం లేచాడు. "నూనె డబ్బాలు వచ్చే వేళయింది" అన్నాడు. ఆ రోజు ఆయనకి డబ్బాలేవీ రావు. మల్లేశ్వరరావు కూడా ఆయన వెనకే, గుమ్మంలో ఎవరి చెప్పులు ఎవరివో చూసుకోకుండా వెళ్ళిపోయాడు.

జోగేశ్వరరావు అలాగే కూర్చుని ఉన్నాడు. ఆడవాళ్ళ అన్న మాట తర్వాత ఏమొస్తుందో ఆయన మొత్తం వినేశాడు. కొట్లోకి వెళ్ళే దారికి భార్య అడ్డంగా నిలబడి ఉంది. నెమ్మదిగా భీమవరం పొట్లం పురికొస విప్పాడు. తణుకువి కూడా కలిపి అన్నీ డబ్బాలో పోసి, మూత పెట్టి, రెండు చేతులతో ఆవిడకి అందించాడు.

"అల్లుడుగారూ" అంది జగదాంబ తలుపుతో. "రోజుకెన్ని వేసుకోవాలండీ?"

"ఒక్కటేనండి అత్తయ్యగారూ. భోంచేశాక." పెళ్ళయ్యాక వాళ్ళిద్దరూ ఒకరితో ఒకరు ఆడిన మొదటి మాటలవి. ఆయనే మళ్ళీ అన్నాడు. "కానీ ఒకటండి. ఇవి ఎముకలకీ నీరసానికీనండి. ఆవిర్లు వీటితో తగ్గుతాయని నేను చెప్పలేనండి. లేడీ డాక్టరుగారికి ఒకసారి చూపించుకోవాలి."

"తగ్గకపోతే మానె. చూపించుకుంటాను. ఇవి మాత్రం నావి" అంది జగదాంబ. ఒక మాత్ర నోట్లో వేసుకుని, బల్ల మీదున్న మంచినీళ్ళు తాగింది. తర్వాత మల్లేశ్వరరావు ఖాళీ చేసిన కుర్చీలో, హాలు మధ్యలో కూర్చుంది. ఒంట్లో సెగ ఇంకా దిగలేదు.

"విసరండి" అంది భర్తతో.

"ఆఁ?"

"విసరండి. మంటగా ఉంది."

జోగేశ్వరరావు చుట్టూ చూశాడు. తలుపు వెనకనుంచి ఒక చెయ్యి తాటాకు విసనకర్ర పట్టుకుని బయటికి వచ్చింది. ఆయన దాన్ని అందుకుని విసరడం మొదలుపెట్టాడు.

"ఇంకాస్త గట్టిగా."

గట్టిగా విసిరాడు. కాసేపటికి గొంతు సవరించుకున్నాడు. "ఇది… రోజుకెన్నిసార్లొస్తుందే?"

"ఏడెనిమిది."

"పధ్నాలుగు నెలల్నించీ?"

"ఊఁ."

ఆయన లోలోపల ఏదో గుణించుకున్నట్టున్నాడు, కాసేపు విసనకర్ర ఆగిపోయింది. తర్వాత చెయ్యి మార్చుకుని మళ్ళీ విసిరాడు.

అంతలో పెరటి తలుపు చప్పుడైంది. మల్లేశ్వరరావు భార్యా, వెంకటరత్నం భార్యా వస్తున్నారు. వాళ్ళిద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, పిల్లి అడుగులు వేసుకుంటూ, తలుపు వెనక గోడకి అతుక్కుపోయిన మూర్తిని దాటుకుని వంటింట్లోంచి హాల్లోకి తొంగిచూశారు.

"వదినా, మా ఆయన ఇంటికొచ్చి మంచమెక్కి దుప్పటి ముసుగేసుకున్నారు. ఏంటంటే చెప్పరు. చివరికి సగం సగం చెప్పారు" అంది మల్లేశ్వరరావు భార్య. "నాకు ఎనిమిది నెలలయింది వదినా. నిప్పుల్లో కూచున్నట్టుంటోంది. ఎవరితో అనుకోను?"

జోగేశ్వరరావు చటుక్కున లేచాడు. "మీరూ మీరూ మాట్లాడుకోండి, నేను కొట్లో…"

"కూర్చోండి" అంది జగదాంబ.

కూర్చున్నాడు. జగదాంబ డబ్బా మూత తీసి చెరొక మాత్రా చేతిలో పెట్టింది. వాళ్ళు చెరో పక్కనా కుర్చీలు లాక్కున్నారు. వెంకటరత్నం భార్య తనకి రెండేళ్ళుగా ఏమేం అవుతోందో మొదట్నించీ చెప్పడం మొదలుపెట్టింది. అన్నీ చెప్పింది. ఏదీ వదల్లేదు.

జోగేశ్వరరావు చూపు గోడకేసి తిప్పుకుని, గాలి ముగ్గురికీ తగిలేలా కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నాడు.